పెద్దమ్మ ఎందుకు వద్దంది?

పోయిన వారం మీరు నన్ను మెట్ల మీద వదిలేసి వెళ్ళారు. చంకలో లాప్‌టాప్. "పెద్దమ్మను చూడందే కదలనని ఒకాయన పదకొండింటి నుంచి కూర్చున్నాడు, సార్ మిమ్మల్ని కిందికి రమ్మంటున్నారు" అని రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. లిఫ్టు రాలేదు. నాలుగు అంతస్తులు దిగుతూ సగంలో ఆగిపోయాను. కొత్తగా చదవడం మొదలుపెట్టినవారికి నాలుగు ముక్కలు చెప్పి మిగిలిన మెట్లు దిగుతాను.

పెద్దమ్మ మా కంపెనీ తెర మీద కనిపించే మనిషి. మనిషి అనకూడదు, యంత్రం గీసిన బొమ్మ. నెరిసిన జుట్టు, గుండ్రటి కళ్ళజోడు, చల్లని మాట. జనం తమ ఇంటి కష్టాలు రాసి పంపితే వీడియోలో కనిపించి జవాబు చెబుతుంది. కొన్ని జవాబులు అందరూ చూసేలా పెడతాం. ఎక్కువ భాగం రాసినవారికి మాత్రమే వెళతాయి. మూడేళ్ళ కిందటి వరకు ఆ జవాబులు ఏడుగురం ఒక బల్ల చుట్టూ కూర్చుని రాసేవాళ్ళం. ఉత్తరాన్ని ఒకరు మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి, అప్పటిదాకా ఎవరూ కీబోర్డు ముట్టుకోకూడదు అన్నది మా నియమం. రోజుకు పది ఉత్తరాలు పూర్తయితే గొప్ప. తర్వాత యంత్రం వచ్చింది. ఆరుగురు వెళ్ళిపోయారు, నేను మిగిలాను. ఇప్పుడు యంత్రమే రాస్తుంది, యంత్రమే చెబుతుంది, రోజుకు మూడు వందలు. ప్రతి వీడియో కింద "పరిశీలించినవారు" అని నా పేరు పడుతుంది. అందుకే ఆఫీసులో నాకు సంతకాలావిడ అని పేరు.

ఇంట్లో మా అత్తగారికి ఈ సంగతి పట్టదు. నా మాట ఒక్కటి వినదు కానీ పెద్దమ్మ మాటలు నోటుపుస్తకంలో రాసుకుంటుంది. అందులో పాతవన్నీ నేను రాసినవేనని ఒకసారి చెప్పి చూశాను. "చాల్లే" అంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

సరే, మెట్లు దిగాను.

కింద అతిథుల గదికి మూడు వైపులా అద్దాలే. లోపల ఉన్నవాళ్ళు ఏడిచినా నవ్వినా బయటివాళ్ళకు కనిపిస్తుంది. గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు, ఎవరూ తెరవని నీళ్ళ సీసాలు. ఆయన ఒక కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. నీలం యూనిఫాం చొక్కా, మోకాళ్ళ మీద పనిముట్ల సంచీ. సంచీ కింద పెడితే నేల మాసిపోతుందని కాబోలు, రెండు గంటలుగా ఒళ్ళోనే పెట్టుకున్నాడట.

పక్కన మా మేనేజరు నిలబడి ఉన్నాడు. జీతం పెంచమన్నా, కుర్చీ విరిగిందన్నా, యంత్రం తప్పు రాసిందన్నా ఆయన నోట వచ్చేది ఒకటే మాట. అందుకని మా అందరికీ ఆయన "చూద్దాం సార్" అయ్యాడు. మంచివాడే. ఎవరి మీదా గొంతు పెంచడు, ఎవరి పనీ పూర్తి చెయ్యడు.

నేను లోపలికి వెళ్ళగానే ఆయన నా చెవిలో, "మేడం, మీరేం మాట్లాడకండి. కాగితం నా దగ్గరుంది. ఇచ్చి పంపించేద్దాం" అన్నాడు.

వచ్చినాయన సంచీ భుజాన వేసుకుని లేచి నమస్కారం పెట్టాడు. "మీరేనా అమ్మా, పెద్దమ్మ వెనకాల ఉండేది?"

"వెనకాల ఎవరూ ఉండరండీ. అది కంప్యూటరు..." అని మేనేజరు మొదలుపెట్టాడు.

"మిషనని తెలుసు సార్" అన్నాడాయన మర్యాదగా. "నేను లిఫ్టు మెకానిక్‌ని. మిషన్లతోనే ముప్పై ఏళ్ళు బతికాను. మిషన్ వెనకాల ఎవరో ఒకరు ఉంటారని కూడా తెలుసు. మీ లిఫ్టు కార్డు చూశాను వచ్చేటప్పుడు. ఆర్నెల్లుగా సంతకం లేదు. అందుకే ఎవరు ఎక్కినా ఆగిపోతోంది."

మేనేజరు చిన్నగా దగ్గాడు. "చూద్దాం" అన్నాడు.

"మా దాంట్లో ఒక పద్ధతుందమ్మా" అని ఆయన నా వైపు తిరిగాడు. "లిఫ్టు బాగు చేశాక కార్డు మీద సంతకం పెడతాం. పెట్టినవాడే ముందు ఎక్కి పైదాకా వెళ్ళి రావాలి. ఆ తర్వాతే జనాన్ని ఎక్కనిస్తాం. మీ వీడియో కింద మీ పేరు చూశాను. సంతకం పెట్టినవాళ్ళకి తెలిసే ఉంటుంది కదా అని వచ్చాను. గొడవ పడటానికి కాదు."

నాకు కూర్చోవాలనిపించింది, ఆయన్నీ కూర్చోమన్నాను. కూర్చున్నాను. మేనేజరు నిలబడే ఉన్నాడు, తలుపుకు దగ్గరగా.

ఆయన కథ పెద్దది కాదు. ఒక్కతే కూతురు. ఇరవై ఏళ్ళు. చదువు మధ్యలో ఆపేసి ఒక ఉద్యోగం చూసుకుంది. యంత్రాలు గీసే బొమ్మలకు నవ్వులు, ఏడుపులు, నిట్టూర్పులు ఇచ్చే ఉద్యోగం.

"ఒక గదిలో కూర్చోబెట్టి నవ్వమంటారట. ఇంకోసారి, ఇంకోలా నవ్వమంటారట. అది పట్టుకెళ్ళి బొమ్మల మొహాలకి పెడతారట. నేను ఊరుకోలేక అన్నాను. నవ్వు అమ్ముకుని బతుకుతావా అన్నాను. ఇవాళ నీ నవ్వు తీసుకుంటారు, రేపు ఆ బొమ్మే నీ బదులు నవ్వుతుంది, నువ్వు ఇంట్లో కూర్చుని ఏడుస్తావు అన్నాను. అనకూడదమ్మా. నోరు జారాను."

నాకు పైన నా బల్ల చుట్టూ ఉన్న ఆరు ఖాళీ కుర్చీలు గుర్తొచ్చాయి. ఆయన అన్నదాంట్లో తప్పేముందో నాకు తెలియలేదు. అన్న తీరులో ఉందేమో.

"ఆ పూటే బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ కంపెనీ హాస్టల్లో ఉందని తెలుసు. నెంబరు ఉంది. చెయ్యనా వద్దా అని ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున్నే పెద్దమ్మకి రాశాను. మా ఇంట్లో పెద్దవాళ్ళు లేరు, అడగడానికి. మర్నాడు జవాబొచ్చింది. ఫోన్ చెయ్యొద్దు నాయనా, తనే చేస్తుంది అంది పెద్దమ్మ. పదకొండు రోజులైంది. చెయ్యలేదు నేను. మా ఆవిడ చేస్తానంటే ఆవిడ ఫోను కూడా లాక్కుని ఇందులో పెట్టుకు తిరుగుతున్నాను." సంచీని తట్టి చూపించాడు. "నాలుగు రోజులుగా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది, మాట లేదు."

"మీకేం కావాలి చెప్పండి" అన్నాడు మేనేజరు మెల్లగా.

"కారణం కావాలి సార్. పెద్దమ్మ ఎందుకు వద్దంది? నా ఉత్తరంలో ఆవిడకేదో కనబడి ఉంటుంది. నాకు తెలియనిది. మా పిల్ల గురించో, నా గురించో. అదేంటో చెబితే వెళ్ళిపోతాను. ఇంకా ఆగమంటే ఆగుతాను. ఊరికే ఆగడం నావల్ల కావట్లేదు."

ఆయన కోపంగా వచ్చి ఉంటే బాగుండేది. తిట్టినా పడేదాన్ని. చేతులు కట్టుకుని కారణం అడిగేవాడికి ఏం చెప్పాలి?

మేనేజరు కాగితం బల్ల మీద పెట్టాడు. పైన మా కంపెనీ గుర్తు, కింద నాలుగు వాక్యాలు. యంత్రపరమైన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ అభిప్రాయం మాకు విలువైనది. ఏడాది పాటు ప్రకటనలు లేకుండా పెద్దమ్మను ఉచితంగా చూసే అవకాశం కల్పిస్తున్నాం. కింద వచ్చినాయన సంతకానికి ఖాళీ గీత.

ఆయన వేలు పెట్టి మాట మాట చదివాడు. "యంత్రపరమైన అంటే, మిషన్ చెడిపోయిందా సార్?"

"చెడిపోలేదండీ. ఒక్కోసారి అలా..."

"చెడిపోకపోతే మరి కారణం ఉంటుంది కదా?"

మేనేజరు నా వైపు చూశాడు. కళ్ళతోనే బతిమాలాడు. ఆయనకూ ఇల్లుంది, పిల్లలున్నారు, పైన ఇంకో సార్ ఉన్నాడు. నాకూ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. రెండు మాటలు అబద్ధం చెబితే అందరం భోజనానికి వెళ్ళిపోవచ్చు. "మీ పిల్లకి కాస్త సమయం ఇవ్వాలని పెద్దమ్మ ఉద్దేశం" అంటే చాలు. అలాంటి వాక్యాలు అల్లడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ వాక్యం నోటిదాకా వచ్చింది. బయటికి రాకుండా మింగేశాను. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ మనిషి నా మాట పట్టుకుని ఇంకో పదకొండు రోజులు ఆగుతాడు. అది తట్టుకోలేననిపించింది.

లాప్‌టాప్ తెరిచాను. ఆయన జవాబు వెతికి, తెరను ఆయన వైపు తిప్పాను.

"ఇది మీకు పంపిన వీడియో. మూడు నిమిషాల నలభై సెకన్లు. ఇక్కడ చూడండి. నేను దీన్ని తెరిచిన సమయం. ఇది సంతకం పెట్టిన సమయం."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. లెక్కేశాడు. "తొమ్మిది సెకన్లు."

"అవునండీ."

"మేడం" అన్నాడు మేనేజరు. ఈసారి చూద్దాం అనలేదు.

"తొమ్మిది సెకన్లలో ఏం చూశారమ్మా?"

"మొదటి మాట, చివరి మాట."

ఆయన గొంతు పెంచలేదు. "మధ్యలో నా కూతురుంది కదమ్మా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అద్దాల గది కదా, ఆపుకున్నాను. ఆపుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటి నెల ప్రతి వీడియో పూర్తిగా చూశానని, యంత్రం తప్పు చేస్తే పట్టుకుని సంబరపడ్డానని. రానురాను తప్పులు తగ్గిపోయాయని. నా పాత వాక్యాలనే తీసుకుని నాకంటే అందంగా చెబుతుంటే వంకపెట్టడానికి నాకే సిగ్గేసిందని. తర్వాత వేగం పెంచుకుని చూశానని, ఆ తర్వాత మొదలూ చివరా చూశానని. ఈ వారం పది రోజులుగా పొద్దున్నే వచ్చి, వచ్చిన జవాబులన్నీ ఒకేసారి ఎంచుకుని, ఒకేసారి సంతకం పెట్టేసి కాఫీకి వెళుతున్నానని. ఆ చివరి ముక్క మేనేజరుకు కూడా తెలియదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ ఉత్తరం ఎవరూ చదవలేదన్నయ్య గారూ. పెద్దమ్మకి ఏమీ కనబడలేదు. కారణం లేదు."

ఇప్పుడు కోప్పడతాడనుకున్నాను. ఆయన వేరే మాట అన్నాడు.

"అయితే ఇప్పుడు చదవండి."

నాకు మా పాత నియమం గుర్తొచ్చింది. పైకి చదవాలి, మొదటి నుంచి చివరిదాకా. ఆయన ఉత్తరం కోసం వెతికే పెట్టెలో "లిఫ్టు మెకానిక్" అని కొట్టాను. ఒక్క ఉత్తరం రావాలి. మూడు వచ్చాయి.

మొదటిది ఆయనది. రెండోది ఆ మర్నాడు వచ్చింది. తెరిచాను. "పెద్దమ్మా, మా నాన్న లిఫ్టు మెకానిక్. నవ్వు అమ్ముకుంటావా అన్నాడు" అని మొదలైంది.

పైకి చదవబోయి ఆగిపోయాను. లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను.

ఆ పిల్ల అడిగింది కూడా అదే ప్రశ్న. నాన్నకి ఫోన్ చెయ్యనా, వద్దా? జవాబు తెరిచాను, ఈసారి మధ్యలోది కూడా చదివాను. "నువ్వు చెయ్యకు తల్లీ. పెద్దవాళ్ళు, వాళ్ళే చేస్తారు. ప్రేమ ఉంటే ఎన్నాళ్ళు ఆగగలరు?" ఆయన జవాబు పక్కనే పెట్టి చూశాను. "మీరు చెయ్యకండి నాయనా. అలిగిన పిల్ల, తనే చేస్తుంది. ప్రేమ ఉంటే ఎన్నాళ్ళు ఆగగలదు?" ఒకే వాక్యం తండ్రికొకసారి, కూతురికొకసారి. రెండింటి కిందా నా పేరే. ఇద్దరూ చెరొక ఫోను పట్టుకుని, అవతలివాళ్ళే చేస్తారని పది రోజులు కూర్చున్నారు.

ఆ వాక్యం నాదేనేమో కూడా. ఎప్పుడో, ఎవరికో, ఆ బల్ల దగ్గర పైకి చదివిన ఏదో ఉత్తరానికి రాసే ఉంటాను. అక్కడ అది సరిపోయి ఉంటుంది.

"ఏముందమ్మా అందులో?" అన్నాడాయన.

"ఒక్క నిమిషం అన్నయ్య గారూ."

మూడో ఉత్తరం ఆ రోజు ఉదయమే ఎనిమిదిన్నరకు వచ్చింది. "పెద్దమ్మా, నేను లిఫ్టు మెకానిక్ కూతుర్ని. నువ్వు చెప్పినట్టే ఆగాను. నాన్న చెయ్యలేదు. మా కంపెనీ దూరంగా ఇంకో చోటికి పంపిస్తానంటోంది. వెళితే రెండేళ్ళ దాకా రావడం కుదరదు. మధ్యాహ్నం రెండింటిలోపు ఒప్పందం మీద సంతకం పెట్టాలి. నాకు వెళ్ళాలని లేదు. నాన్న తనంతట తను ఒక్కసారి ఫోన్ చేస్తే చాలు, ఉండిపోతాను. అమ్మ ఏడిస్తేనో, ఇంకెవరో చెయ్యమంటేనో చేసే ఫోను మాత్రం నాకొద్దు. ఆయనకి నేను కావాలో లేదో నాకు తెలియాలి. ఏం చెయ్యను?"

జవాబు కోసం చూశాను. ఆపేద్దామనే చూశాను. ఆపడానికి ఏమీ లేదు. తొమ్మిదీ పదికి నా సంతకం పడింది, మిగిలిన వాటితో కలిపి. తొమ్మిదీ పద్నాలుగుకు ఆ పిల్ల చూసింది. మూడుసార్లు చూసింది. "వెళ్ళు తల్లీ. తలుపు తెరిచినవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. వెనక్కి చూడకు."

గోడ గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది.

మేనేజరు నా భుజం మీంచి తెర చూశాడు. చదివాడు. "ఒకరి ఉత్తరం ఇంకొకరికి చెప్పకూడదు మేడం" అన్నాడు చాలా చిన్న గొంతుతో. "తండ్రైనా సరే. అది మాత్రం కూడదు."

ఈ ఒక్క విషయంలో ఆయన అన్నది నిజం. మేం ఏడుగురం ఉన్నప్పుడు కూడా ఆ నియమం తప్పలేదు. ఆ పిల్ల నమ్మి రాసుకున్న మాట అది. ఇప్పటికే ఒకసారి ఆ నమ్మకాన్ని కాఫీకి తాకట్టు పెట్టాను.

లాప్‌టాప్ మూసేశాను. "అన్నయ్య గారూ, మీ అమ్మాయికి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే."

ఆయన కదల్లేదు. "పెద్దమ్మ వద్దంది కదమ్మా?"

మూడేళ్ళ నుంచి నేను చేసిన పనంతా ఆ ఒక్క మాటలో వినిపించింది. అంతా విన్నాక కూడా ఆయనకింకా భయం. కారణం లేదని నేను చెప్పినా, పదకొండు రోజులు పట్టుకు వేలాడిన మాటను వదలడం అంత తేలిక కాదు.

"ఆ పెద్దమ్మను నేనే" అన్నాను. "వద్దన్నదీ నేనే, ఇప్పుడు చెయ్యమంటున్నదీ నేనే. ఈసారి పూర్తిగా చదివి చెబుతున్నాను. దయచేసి చెయ్యండి."

ఆయన మొహంలోకి వెలుగొచ్చింది. అంత సంతోషం ఆ మొహంలో ఉందని అప్పటిదాకా నాకు తెలియలేదు. సంచీ మొదటిసారి కింద పెట్టాడు. జేబులోంచి ఫోను తీసి నెంబరు నొక్కాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. మోటార్ల చప్పుడులో పనిచేసేవాళ్ళకు చెవులు కాస్త మందం కాబోలు, ఫోను గొంతు పూర్తిగా పెంచి పెట్టుకున్నాడు. గంట మోగడం మాకూ వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు. మేనేజరు లేచి నిలబడ్డాడు. నాలుగు, అయిదు.

"నాన్నా?"

ఆయన ఫోను చెవికి నొక్కుకున్నాడు. "తిన్నావామ్మా?" అన్నాడు.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఇంకా లేదు. నువ్వు?"

"నేనూ లేదు."

ఎవరిదో గొంతు వెనక నుంచి ఆ పిల్లను పిలుస్తోంది, సంతకం పెట్టమని. వస్తున్నానని జవాబు చెప్పి, ఆ పిల్ల మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది.

"నాన్నా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నీ అంతట నువ్వే చేశావా? ఎవరైనా చెయ్యమన్నారా?"

ఆ ప్రశ్నకు ఎంత బరువుందో ఆ గదిలో మేనేజరుకు తెలుసు, నాకు తెలుసు. ఆయనకు తెలియదు. చెప్పడానికి నాకు హక్కు లేదు. తల అడ్డంగా ఊపితే తండ్రి చేత కూతురికి అబద్ధం చెప్పించినట్టు. ఊరుకుంటే, ఉన్న నిజం ఆ పిల్లను రెండేళ్ళ దూరం పంపేస్తుంది.

ఆయన కళ్ళనిండా నీళ్ళతో, కృతజ్ఞతతో నా వైపు చూసి నవ్వాడు. పెద్దమ్మే చెయ్యమందని చెప్పడం కంటే గొప్ప మాట ఆయన దృష్టిలో లేదు మరి. ఫోను నోటికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.

"అసలేమైందంటే తల్లీ..." అన్నాడు.